వాసన పోయిందని సెప్టిక్ ట్యాంకులోకి దిగకండి

వానలు మొదలయ్యేలోపు సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించాలని, పాత బావిలో పూడిక తీయించాలని వేసవి చివర్లో చాలామంది పనివాళ్లను పిలుస్తారు. ట్యాంకు మూత తీయగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంటుంది. అందరూ ముక్కు మూసుకుని పక్కకు జరుగుతారు. పావుగంట గడిచాక ఎవరో ఒకరు అంటారు: ‘‘వాసన పోయింది, ఇక దిగవచ్చు.’’ ప్రాణాలు తీసే మాట అది.

ఎండుచేపల అంగడిలోకి అడుగుపెట్టగానే ముక్కు పుటాలు అదిరిపోతాయి. బేరం ముగిసేసరికి ఆ ఊసే ఉండదు. చేపలూ అక్కడే ఉన్నాయి, వాసనా అక్కడే ఉంది. ఒకే వాసన అదేపనిగా తగులుతుంటే ముక్కు లోపలి కణాలు స్పందించడం తగ్గిస్తాయి, మెదడు కూడా దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. బయటికి వెళ్లి కాసేపు మంచి గాలి పీల్చుకుని వస్తే మళ్లీ తెలుస్తుంది. మన ఇంటి వాసన మనకు తెలియకుండా, వచ్చిన చుట్టానికి తెలిసేది ఇందుకే.

ట్యాంకు దగ్గర ఇంతకన్నా ఘోరం జరుగుతుంది. మురుగు కుళ్లి పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్, గాలిలో పది లక్షల పాళ్లకు ఒక పాలు కన్నా తక్కువ ఉన్నా ముక్కు పసిగట్టగలదు. అదే 100 పాళ్లకు చేరితే కొన్ని నిమిషాల్లోనే వాసన పట్టే నాడి మొద్దుబారుతుంది. 500 దాటితే మనిషి తూలి పడిపోతాడు. 1000 దగ్గర ఒకటి రెండు శ్వాసలకే కుప్పకూలవచ్చు. వాసన ఆగిందంటే గ్యాసు పోయి ఉండవచ్చు, పెరిగి కూడా ఉండవచ్చు. ఆ రెండింటి తేడా చెప్పే శక్తి ముక్కుకు లేదు.

కాబట్టి ట్యాంకులోకి మనిషిని దింపనే వద్దు. ట్యాంకరు తెప్పించి గొట్టంతో లాగించండి. రక్షణ పరికరాలు లేకుండా మనుషులతో సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది, జైలు శిక్ష కూడా ఉంది. అసలు చిక్కు చివర్లో వస్తుంది. అడుగున గట్టిపడిన మడ్డి రాకపోతే ‘‘ఒక్క నిమిషం దిగి కదిపితే చాలు’’ అనిపిస్తుంది. మడ్డిని కదిపినప్పుడే అందులో చిక్కుకున్న గ్యాసు బుడగలు బుడగలుగా ఒక్కసారి పైకి తన్నుకొస్తుంది. గంటసేపు మూత తీసి ఉంచినా ఆ గ్యాసు లోపలే ఉంటుంది. నీళ్లు పోయించి మళ్లీ లాగించండి. మూత దగ్గర వంగి లోపలికి చూడకండి, బీడీ, అగ్గిపుల్ల వెలిగించకండి. మండే వాయువైన మీథేన్ కూడా అక్కడే ఉంటుంది.

పాత బావికి లాంతరు దింపి చూసే అలవాటు మన ఊళ్లలో ఉంది. దీపం ఆరిపోతే ప్రాణవాయువు చాలదని తెలుస్తుంది, నిజమే. కానీ వెలుగుతున్న దీపం విషవాయువు లేదని చెప్పదు, మండే వాయువు ఉంటే అదే నిప్పు అంటిస్తుంది. పైగా బావి అడుగున పేరుకునే కార్బన్ డయాక్సైడ్‌కు అసలు వాసనే లేదు. గాలిలో ఏ వాయువు ఎంతుందో చూపే గ్యాసు మీటరును తాడుతో అడుగుదాకా దింపి చూడాలి. ప్రాణవాయువు 19.5 శాతం కన్నా తగ్గినా, విషవాయువు ఆనవాలు చూపినా దిగకూడదు. పని సాగినంతసేపూ మీటరు పనిచేస్తూనే ఉండాలి. ముఖానికి కట్టుకున్న తువ్వాలు, మామూలు మాస్కు గ్యాసును ఆపలేవు.

లోపల ఒకరు పడిపోతే పైనున్నవారి మనసు ఆగదు. అన్న కోసం తమ్ముడు, తమ్ముడి కోసం పక్కింటివాడు దిగి, ఒకే గోతిలో ముగ్గురు నలుగురు పోయిన వార్తలు చదివినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. వెంటనే 101కు, 108కు ఫోను చేయండి, గాలి ఎటునుంచి వీస్తోందో అటువైపు నిలబడండి, ఎవరు ఏడ్చినా దిగనివ్వకండి. బావి పనికైతే ఛాతీకీ తొడలకూ పట్టే బెల్టు ముందే కట్టి, దాని మోకును గట్టున ఇద్దరు చేతబట్టుకున్నాకే తొలి మెట్టు దిగనివ్వండి. అప్పుడు లోపలికి ఇంకొకరు దిగకుండానే అతన్ని పైకి లాగవచ్చు.