వైఫై ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తున్నప్పుడు

నిన్నటిదాకా బాగానే పనిచేసిన ప్రింటర్ కంప్యూటర్‌లో ‘ఆఫ్‌లైన్’ అని కనబడగానే చాలామంది డ్రైవర్‌ను (కంప్యూటర్ ప్రింటర్‌తో మాట్లాడేందుకు వాడే సాఫ్ట్‌వేర్‌ను) తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. దయచేసి ఆ పని మొదట చేయకండి. ప్రింటర్ మెనూ నుంచి నెట్‌వర్క్ వివరాల పేజీని ప్రింట్ చేసి, అందులోని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ప్రింటర్‌ను గుర్తించే నంబరు) చూడండి. అందరూ వదిలేసేది ఈ ఒక్క పరీక్షనే.

ఆ అడ్రస్ 169.254తో మొదలైతేనో, 0.0.0.0 అని ఉంటేనో ప్రింటర్‌కు రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. వైఫై పాస్‌వర్డ్ మారిందేమో చూసి, మళ్లీ కలపండి. చాలా ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి మాత్రమే కలుస్తాయి కాబట్టి, కలిపేటప్పుడు ఆ నెట్‌వర్క్‌నే ఎంచుకోండి.

అడ్రస్ సరిగానే ఉంటే దానిని కంప్యూటర్ బ్రౌజర్‌లో టైప్ చేయండి. ప్రింటర్ సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటే నెట్‌వర్క్‌లో లోపం లేనట్టే. అప్పుడు ఎక్కువగా బయటపడే కారణం, అందరినీ తప్పుదారి పట్టించేది, అడ్రస్ మారిపోవడం. రౌటర్ ఇచ్చే అడ్రస్ శాశ్వతం కాదు. గడువు ముగిసినా, కరెంటు పోయి వచ్చినా ప్రింటర్‌కు వేరే అడ్రస్ రావచ్చు, కంప్యూటర్ మాత్రం పాతదానికే పంపుతూ ఉంటుంది. ఫోన్ ప్రతిసారీ ప్రింటర్‌ను కొత్తగా వెతుక్కుంటుంది కాబట్టి దాని నుంచి ప్రింట్ వస్తుంది, దాంతో అనుమానం కంప్యూటర్ డ్రైవర్ మీదికి పోతుంది. డ్రైవర్‌ను మళ్లీ ఎక్కించినప్పుడు కొత్త అడ్రస్ నమోదై పని జరుగుతుంది గానీ, అడ్రస్ మళ్లీ మారిన రోజున అదే సమస్య తిరిగి వస్తుంది.

విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి, పోర్ట్స్ ట్యాబ్‌లో టిక్ ఉన్న పోర్ట్‌ను (కంప్యూటర్ ప్రింట్‌ను పంపే చిరునామాను) మొదట ప్రింట్ చేసిన కాగితంతో పోల్చండి. కాగితంలో 192.168.1.14, పోర్ట్‌లో 192.168.1.7 ఉంటే కారణం దొరికినట్టే. రౌటర్ సెట్టింగ్స్‌లో అడ్రస్ రిజర్వేషన్ అనే చోట, అదే కాగితం మీదున్న మ్యాక్ అడ్రస్ (ప్రింటర్‌కు తయారీలోనే ఇచ్చిన గుర్తింపు సంఖ్య) ఇచ్చి, ప్రింటర్‌కు ఒక అడ్రస్ కేటాయించండి. ప్రింటర్‌ను ఆపి మళ్లీ వేశాక, పోర్ట్స్ ట్యాబ్‌లో ఆ అడ్రస్‌తోనే కొత్త టీసీపీ/ఐపీ పోర్ట్ జతచేయండి. రౌటర్‌లో కేటాయించకుండా ప్రింటర్‌లోనే అడ్రస్‌ను చేత్తో రాసిపెడితే, రౌటర్ దానినే మరో పరికరానికి ఇచ్చే ప్రమాదం ఉంది.

బ్రౌజర్‌లో పేజీ తెరుచుకోకపోతే కంప్యూటర్ గెస్ట్ వైఫైలో (అతిథుల కోసం వేరుగా పెట్టే నెట్‌వర్క్‌లో) ఉందేమో, వీపీఎన్ (కంప్యూటర్ ట్రాఫిక్‌ను వేరే నెట్‌వర్క్ గుండా మళ్లించే సేవ) నడుస్తోందేమో చూడండి. ఇక ప్రింట్ స్పూలర్ (ప్రింట్ పనులను వరుసలో పెట్టే విండోస్ సర్వీస్) ఆగిపోవడం, ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్) లోపాలు అరుదు. పై పరీక్షలన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.