‘సంస్కరణ’ అనే మాటను ఎక్కడ, ఎలా వాడాలి

వ్యాసంలోనో వార్తలోనో ‘సంస్కరణ’ అని రాయబోయే ముందు, ఆ మాటలోనే ఒక తీర్పు దాగి ఉందని గుర్తించాలి. ‘సమ్’ అనే ఉపసర్గతో కూడిన ‘కృ’ ధాతువు నుంచి వచ్చిన ఈ మాటకు బాగుచేయడం, శుద్ధి చేయడం అని అర్థం. ‘మార్పు’ అంటే మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. ‘సంస్కరణ’ అన్నామంటే అది మేలుకోసమేనని మనం ఒప్పుకున్నట్టే. కాబట్టి ఆ మేలు ఎవరి దృష్టిలో మేలు అన్నది ముందుగా తేల్చుకోవాలి.

విద్యుత్ రంగాన్నే చూడండి. 1998లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విద్యుత్ సంస్కరణల చట్టాన్ని చేసింది. మరుసటి ఏడాది విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కో అనే రెండు సంస్థలుగా విడిపోయింది. 2000లో ఛార్జీల పెంపుపై పెద్ద ఆందోళన జరిగి, ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. ప్రభుత్వం సంస్కరణ అన్నదానిని వీధిలోకి వచ్చినవారు భారంగానే చూశారు. ఇలాంటి సందర్భంలో చట్టం పేరును ఉన్నదున్నట్టుగా రాసి, సొంత వాక్యంలో మాత్రం జరిగిన పనిని చెప్పడం ఉత్తమం: బోర్డును విడదీశారు, ఛార్జీలు నిర్ణయించే అధికారాన్ని నియంత్రణ మండలికి అప్పగించారు. ఇంత చెప్పాక అది సంస్కరణో కాదో పాఠకుడే నిర్ణయించుకోగలడు. ‘సంస్కరణలకు శ్రీకారం చుట్టారు’ అనే అరిగిపోయిన వాక్యం ఆ అవకాశాన్ని అతనికి ఇవ్వదు.

రెండో పరీక్ష, మార్పు తరువాత మిగిలేది ఏమిటన్నది. ఒక వ్యవస్థను నిలిపి ఉంచి, దాని నడకను మార్చినప్పుడే సంస్కరణ అనడం సబబు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు వివాహ వ్యవస్థను తోసిపుచ్చలేదు; అందులోకి రాకుండా వితంతువులకు అడ్డుగా ఉన్న ఆచారాన్ని తొలగించడానికి పూనుకున్నారు. ఆయనను సంఘ సంస్కర్త అనడానికి కారణం అదే. వితంతు పునర్వివాహ చట్టం 1856లోనే వచ్చిందని, తెలుగునేల మీద అది పెళ్లిపీటల దాకా రావడానికి పాతికేళ్లు పట్టిందని గుర్తుంచుకుంటే, చట్టం చేయడాన్నే సంస్కరణగా రాసే అలవాటు కొంత తగ్గుతుంది. వ్యవస్థే తొలగిపోయినప్పుడు ‘రద్దు’ అనాలి. 1948 నాటి మద్రాసు చట్టంతో జరిగింది జమీందారీ రద్దు. భూసంబంధాలను చక్కదిద్దే విస్తృత ప్రయత్నంలో భాగం కనుక, ఆ రద్దును భూసంస్కరణల్లో ఒకటిగా లెక్కించవచ్చు. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటాన్ని మాత్రం పోరాటమనే అనాలి, సంస్కరణ అనరాదు.

‘సవరణ’తో కలగాపులగం కావడం మరీ ఎక్కువ. సవరణ పాఠానికి, సంస్కరణ వ్యవస్థకు. 2016లో జరిగిన 101వ రాజ్యాంగ సవరణ సాధనం. దాని ఆధారంగా 2017 జూలై 1 నుంచి అమలైన జీఎస్టీ పన్నుల సంస్కరణ.

వచనం, క్రియ విషయంలోనూ కొంత జాగ్రత్త అవసరం. ఉద్యమాన్నో ఆదర్శాన్నో చెప్పేటప్పుడు ‘సంఘ సంస్కరణ’, ‘మత సంస్కరణ’ అని ఏకవచనం నప్పుతుంది. ప్రభుత్వాలు వరుసగా తీసుకునే చర్యలకు బహువచనమే వాడుక, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 1991లో మొదలైనవి ‘ఆర్థిక సంస్కరణలు’. ‘ప్రవేశపెట్టారు’, ‘అమలు చేశారు’ అనేవాటిని ఒకదాని బదులు మరొకటి వాడరాదు. ఆంధ్రప్రదేశ్ భూగరిష్ఠ పరిమితి చట్టం 1973 నాటిది, అమలులోకి వచ్చింది 1975 జనవరి 1న. ఆ రెండేళ్ల తేడాను తప్పు క్రియ మింగేస్తుంది.

మనుషుల విషయంలో ఈ మాట బరువుగా ఉంటుంది. జైలు నుంచి వచ్చి కుదురుగా బతుకుతున్న వ్యక్తిని గురించి ‘సంస్కరించబడ్డాడు’ అని ఎవరూ అనరు; ‘మారాడు’, ‘బాగుపడ్డాడు’, ‘దారిలో పడ్డాడు’ అంటారు. ‘సంస్కారం’ అంటే నడవడిలోని మర్యాద, లేదా దహన సంస్కారాల వంటి కర్మ. దానిని సంస్కరణకు పర్యాయపదంగా రాయకూడదు. ఫోన్లలో కనిపించే ‘యాప్ కొత్త సంస్కరణ’ మరో సంగతి. పుస్తక ముద్రణకూ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌కూ హిందీలో వాడే మాటను ఎత్తి తెలుగులో పెట్టినట్టుంది. యాప్‌కు ‘వెర్షన్’, పుస్తకానికి ‘ముద్రణ’ లేదా ‘కూర్పు’ అని రాస్తే ఎవరికైనా తెలుస్తుంది.