ఇల్లు ఎన్నాళ్లకు పూర్తవుతుంది? మూడో పాఠం: పని రోజులు, ఖాళీ రోజులు

పోయిన పాఠం చివర ఒక పని అప్పజెప్పాను. మేస్త్రిని కూర్చోబెట్టి, ముగ్గు పోసిన దగ్గర్నుంచి రంగుల దాకా ఏ పనికి ఎన్ని రోజులో కాగితం మీద రాయించుకోమన్నాను. రాయించనివాళ్లు ఇక్కడే ఆగి, ఆ పని చేసుకొని రండి. ఆ కాగితం చేతిలో లేకుండా ఈ పాఠం చదివినా ఉపయోగం లేదు.

పోల్చుకోవడానికి నా కాగితం ఇస్తున్నా. హన్మకొండ పక్కన భీమారంలో 150 గజాల జాగా. కింద ఒక్కటే అంతస్తు, రెండు పడకగదులు. మా మేస్త్రి లెక్క ఇలా ఉంది. తవ్వకం, ఫుటింగులు, ప్లింత్ బీమ్, మొరం నింపడం, అంటే బేస్‌మెంట్ దాకా 23 రోజులు. పిల్లర్లు, సెంట్రింగ్, స్లాబ్ 14. గోడలు 12. గోడల్లో కరెంటు పైపులకు గాడి కొట్టడం 5. లోపలా బయటా ప్లాస్టరింగ్ 20. నేల, బాత్రూమ్ టైల్స్ 16. తలుపులు, కిటికీలు 8. లప్పం (గోడ నునుపుకు పెట్టే పుట్టీ), రంగులు 15. స్విచ్చులు, నల్లాలు బిగించడం 6.

మొత్తం 119. "నాలుగు నెలలు సార్, దసరా కొత్తింట్లనే చేసుకుంటరు" అన్నాడు. జ్యేష్ఠంలో ముగ్గు పోశాం. దసరా కొత్తింట్లోనే చేసుకున్నాం, కాకపోతే మరుసటి ఏడు దసరా. ముగ్గు నుంచి పాలు పొంగించే దాకా 14 నెలలు పట్టింది.

మేస్త్రి అబద్ధం చెప్పాడని నేనూ అందరిలాగే చాలాకాలం తిట్టుకున్నాను. తర్వాత ఒకరోజు ఇంటి నోట్‌బుక్ తీసి, సైటులో మనుషులు నిజంగా పని చేసిన రోజులన్నీ టిక్కు పెట్టుకుంటూ లెక్కపెట్టాను. 127 వచ్చాయి. ఆయన తప్పింది ఎనిమిది రోజులే! మిగతావి, దగ్గర దగ్గర మూడొందల రోజులు, ఎవరూ పని చేయని రోజులు. వాటి సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మేస్త్రికి అవి లెక్కలోకి రావు, ఎందుకంటే ఆ రోజుల్లో ఆయన ఇంకో సైటులో ఉంటాడు. ఈ పాఠంలో నేర్చుకునేది ఆ ఖాళీ రోజులు లెక్కగట్టడమే.

సిమెంటు అడిగే రోజులు

స్లాబ్ రోజు ఎలా ఉంటుందో చూసే ఉంటారు. తెల్లారకముందే కాంక్రీట్ కలిపే మిల్లర్ వస్తుంది, పక్కన లిఫ్ట్ నిలబెడతారు, పాతికమంది కూలీలు, వైబ్రేటర్ మోత. సాయంత్రానికి స్లాబ్ పడుతుంది, రాత్రికి మటన్ దావత్. చుట్టాలకు ఫోటోలు పోతాయి, "ఇంకేముంది, ఇల్లు అయిపోయినట్టే" అంటారు. తెల్లారి సైటుకు పోతే ఒక్క మనిషి కనపడడు. స్లాబ్ మీద సిమెంటుతో చిన్న చిన్న మడులు కట్టి నీళ్లు నింపేది మీరే.

ఇక్కడ ఎన్ని రోజులు ఆగాలన్నది మేస్త్రి ఇష్టం కాదు, మన ఇష్టమూ కాదు. కాంక్రీట్ పనులకు దేశమంతా పాటించే ఐఎస్ 456 ప్రమాణంలో ఉంది. ఓపీసీ, అంటే కలగలుపు లేని మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు తడి ఆరకుండా చూడాలి. పీపీసీ లాంటి కలగలుపు సిమెంటైతే, లేదా ఎండ మండుతుంటే కనీసం 10. ఆ కలగలుపు సిమెంటుకు 14 దాకా పెంచితే మంచిదని కూడా అందులోనే రాసి ఉంది. మన దగ్గర ఇళ్లకు ఎక్కువగా వాడేది పీపీసీ, కాబట్టి నేను 14 అనే వేసుకుంటాను.

స్లాబ్‌ను మోస్తూ కింద నిలబెట్టిన పోట్లు తీయడం ఇంకో లెక్క. స్లాబ్ వెడల్పు నాలుగున్నర మీటర్లలోపు, అంటే దాదాపు 15 అడుగులలోపు ఉంటే 7 రోజులు, దాటితే 14. ఆరు మీటర్లు దాటిన బీముల కింద 21. ఇవి ఓపీసీకి చెప్పినవి, పీపీసీ మెల్లగా గట్టిపడుతుంది కాబట్టి దానికి ఇంకొన్ని కలుపుకోవాలి. మా హాలు 16 అడుగులు. ఎనిమిదో రోజు పొద్దున సెంట్రింగ్ అతను ఆటో ట్రాలీ వేసుకొని వచ్చాడు, స్లాబ్ కింద బిగించిన డబ్బాలు ఇంకో సైటుకు కావాలట. "ఏం కాదు సార్, రాయి లెక్క అయింది" అంటూ మడమతో తన్ని చూపించాడు. రాయిలా అయింది పైపొర. ఇంకో వారం కిరాయి నేనే ఇస్తానని పంపించేశాను. మొత్తం కట్టడంలో నేను బుద్ధిగా ఖర్చుపెట్టిన డబ్బు అదేననిపిస్తుంది.

స్లాబ్ దగ్గర ఆగాలని అందరికీ తెలుసు. ఆగకుండా మోసపోయేది ప్లాస్టరింగ్ తర్వాత. గోడ తెల్లగా కనిపిస్తే ఆరిందనుకుంటాం. లోపల చెమ్మ ఉండగా లప్పం పెడితే ఏడాది తిరక్కుండా పొరలు పొరలుగా లేస్తుంది, మీద ఎంత మంచి కంపెనీ పెయింట్ వేసినా నిలవదు. పది రోజులు నీళ్లు కొట్టాక, మొత్తం నాలుగు వారాలయ్యే దాకా గోడను వదిలేయాలి. అనుమానముంటే చేతి వెడల్పు పాలిథిన్ కవరు ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రాత్రంతా వదిలేయండి. తెల్లారి కవరు లోపల నీటి ముత్యాలు కనిపిస్తే లప్పం డబ్బా తెరవొద్దు.

ఇప్పుడు మీ కాగితం మీద కలపండి. నావి ఇవీ: ఫుటింగులు, పిల్లర్లకు 7, బేస్‌మెంట్‌లో పోసిన మొరం నీళ్లు తాగి కూర్చోవడానికి 10, స్లాబ్‌కు 14, గోడలకు 7, ప్లాస్టరింగ్‌కు 10. గోడలు ఆరే మిగతా 18 రోజుల్లో 16 టైల్స్ పనికి సరిపోతాయి, ఎందుకంటే నేల పనికి గోడ ఆరనక్కర్లేదు. మిగిలిన 2 కలిపితే మొత్తం 50. అంటే 169. ఆదివారాలు 119 పని రోజులకు ఓ 19 పడతాయి. 188.

ముఠా మారే రోజులు

సెంట్రింగ్ ముఠా వేరు, ఇటుక కట్టేవాళ్లు వేరు, టైల్స్ వేరు, రంగులు వేరు. ఒకరు దిగి ఇంకొకరు ఎక్కే మధ్యలో ఖాళీ ఉంటుంది. మా టైల్స్ అతని ఫోను సంభాషణ నోట్‌బుక్‌లో యథాతథంగా ఉంది. సోమవారం: "రేపు వస్త సార్." బుధవారం: "సామాన్లు ఏసుకుంటున్న సార్, బయల్దేరుతున్న." శుక్రవారం: "సార్, మా మేనత్త..." సరే, ఆ మేనత్త ఆ ఏడాది రెండుసార్లు పోయింది.

అన్నీ వాళ్ల మీద వేయడం న్యాయం కాదు. వంటింటి టైల్స్ ఏ రంగు అన్నది తేల్చుకోవడానికి మేం హంటర్ రోడ్డు వైపు దుకాణాలకు నాలుగుసార్లు తిరిగాం. తొమ్మిది రోజులు అక్కడే పోయాయి, ఆ తొమ్మిది రోజులూ మనుషులు సిద్ధంగానే ఉన్నారు. మా అత్తమ్మ వాస్తు అడిగి వచ్చి మెట్ల దిక్కు మార్చమన్నది, దానికి మూడు వారాలు. నా నోట్‌బుక్‌లో, నీళ్లు కొట్టే రోజులు పోగా, ముఠా మారినప్పుడల్లా సగటున 6 రోజులు ఖాళీ పోయాయి. తొమ్మిది పనులకు ఎనిమిది మార్పులు, 48 రోజులు. మొత్తం 236.

తగ్గించుకోవచ్చు. ఈ ముఠా పని సగంలో ఉండగానే తర్వాతి ముఠాకు బయానా ఇచ్చి, సామాను సైటులో దించి పెట్టండి. సామాను లేని సైటుకు ఎవరూ రారు, వచ్చినా ఒక పూట చూసి పోతారు.

పంచాంగం, పంట, జాతర

మీ కాగితం పక్కన ఇప్పుడు ఒక క్యాలెండర్ పెట్టండి. నిలువు గీతలు కొట్టండి.

బతుకమ్మ, దసరా: పది రోజులు. సంక్రాంతి: నాలుగు. వానలు: జూలై, ఆగస్టుల్లో కనీసం పదిహేను రోజులు. గోదావరి పొంగితే ఏటూరునాగారం, మంగపేట వైపు రీచుల్లో ఇసుక తీయడం ఆగుతుంది, మన వీధిలో ఎండ కాస్తున్నా లారీ రాదు. 2023 జూలై ఆఖరు వానలకైతే వరంగల్, హన్మకొండల్లో కాలనీలే నీళ్లలో ఉన్నాయి, పనుల మాట ఎవరూ ఎత్తలేదు. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు ఊళ్ల నుంచి వచ్చే ఆడకూలీలు తగ్గుతారు. బిహార్ నుంచి వచ్చినవాళ్లు ఛఠ్ పండుగకు, హోలీకి ఊరెళ్తారు, ఎప్పుడొస్తారన్నది రైలు టికెట్ మీద ఉంటుంది.

ఇక సమ్మక్క సారలమ్మ జాతర. రెండేళ్లకోసారి, మాఘమాసంలో. 2024లో ఫిబ్రవరిలో జరిగింది, 2026లో జనవరి ఆఖరున. బయటి ఊళ్లవాళ్లు నాలుగు రోజుల జాతర అనుకుంటారు. మన దగ్గర ముందు రెండు, వెనక ఒకటి కలిపి వారం పనులుండవు, ట్రాక్టర్లన్నీ మేడారం తొవ్వ పడతాయి. మా మేస్త్రి ఎనిమిదో రోజు వచ్చి చేతిలో ఇంత బంగారం పెట్టాడు. అమ్మవార్ల బెల్లాన్ని మనం బంగారమనే కదా అంటాం. బెల్లం నోట్లో వేసుకున్నాక ఎవరినేం అంటాం?

దసరా 10, సంక్రాంతి 4, వాన 15, జాతర 7 కలిపితే 36. మొత్తం 272, తొమ్మిది నెలలు. బ్యాంకు విడతలు ఆలస్యం కావడం, మధ్యలో మనసు మారడం కలిపి ఒక నెల వేసుకుంటే పది. నాకు పద్నాలుగు కావడానికి మెట్లు, లోను విడతలతో పాటు ఇంకో కారణముంది, అది అందరికీ వచ్చేదే. మరుసటి ఏడు జ్యేష్ఠంలో గృహప్రవేశం అనుకున్నాం. పన్నెండు రోజుల పని మిగిలిపోయింది. తర్వాత ఆషాఢం, గృహప్రవేశాలు ఉండవు. ఇక శ్రావణమే. పన్నెండు రోజుల ఆలస్యం నెల దాటిన ఆలస్యమైంది. మూఢం వచ్చిన ఏడైతే ఇంకా సాగుతుంది. కాబట్టి ముహూర్తాన్ని ఒక్కటే గీసుకోకండి, అది తప్పితే తర్వాతిది ఏదో కూడా ఇప్పుడే అయ్యగారిని అడిగి గీసుకోండి.

ముహూర్తం తప్పకూడదని పని మిగిల్చి పాలు పొంగించేవాళ్లున్నారు. మేమూ కొంత అదే చేశాం. పూజ రోజు వెనక బాత్రూమ్‌కు తలుపు లేదు, దుప్పటి వేలాడదీశాం. గృహప్రవేశం అయిన ఇంటికి వడ్రంగి తిరిగి రావడం ఎంత కష్టమో, ఆ దుప్పటి సంక్రాంతి దాకా అక్కడే ఉందంటే తెలుస్తుంది.

ఎప్పుడు మొదలుపెడితే మంచిదని అడుగుతారు. నా ఓటు కార్తీకానికి. కూలీలు కొంచెం తక్కువగా దొరుకుతారు, నిజమే. కానీ స్లాబ్ చలికాలంలో పడుతుంది, బయటి ప్లాస్టరింగ్ వానలకు ముందే అవుతుంది, తొమ్మిది నెలలకు శ్రావణం వస్తుంది.

పాత ఇల్లు బాగుచేసేవాళ్లకు

క్లుప్తంగా చెప్తా, దీనికి విడిగా పాఠముంది. పాతదానిలో ముందే లెక్క తేలదు, పగలగొట్టాకే తెలుస్తుంది. ఒక్క బాత్రూమ్‌కే ప్లంబర్, వాటర్‌ప్రూఫింగ్, నీళ్లు నింపి ఒకటి రెండు రోజులు కారుతుందేమో చూడటం, టైల్స్, మళ్లీ ప్లంబర్, కరెంటు. వారం అన్నది మాకు 26 రోజులైంది. విప్పి కట్టడం ఎంత పనో చూడాలంటే మన వేయి స్తంభాల గుడికి పోండి. అక్కడి కల్యాణ మండపాన్ని 2006 ప్రాంతంలో విప్పారు, తిరిగి నిలబెట్టి తెరిచింది 2024 మార్చిలో. అక్కడ రాయి రాయికీ నంబరు వేసి విప్పారు. మనం పాత దర్వాజ తీసేటప్పుడు ఏ చెక్క ఎటుదో సుద్దముక్కతో రాసుకోవడం కూడా మరిచిపోతాం.

ఈ వారం అభ్యాసం

ఇంత చేశాక కూడా మీ లెక్క తక్కువే వచ్చి ఉంటుంది. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే సైకాలజిస్టులు విద్యార్థుల్ని థీసిస్ ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురు తిరిగితే? 49 అన్నారు. పట్టింది 55. కష్టాలన్నీ ఊహించి వేసిన లెక్క కూడా చాలలేదు. తన పనిని తాను లెక్కగట్టుకునే మనిషికి దారి సాఫీగానే కనపడుతుంది. అందుకే మీ లెక్కను పక్కవాళ్ల ఇళ్లతో సరిచూడాలి.

మీ కాలనీలో గత మూడు నాలుగేళ్లలో, మీ ఇంటి సైజులో కట్టిన మూడు ఇళ్లకు పోండి. యజమానిని "ఎన్ని నెలలు పట్టింది" అని అడగకండి. ఆయన స్లాబ్ నుంచి లెక్కపెట్టి, గొప్పగా ఉండే అంకె చెప్తాడు. ఇంట్లో పెద్దమ్మనో, వదిననో రెండే మాటలు అడగండి: "ముగ్గు పోసిననాడు ఏ పండుగ దగ్గరుంది? ఈ ఇంట్లో మొదటి రాత్రి పడుకున్ననాడు ఏ పండుగ దగ్గరుంది?" వాళ్లు నెలలు మరిచిపోతారు గానీ, ఆ ఏడు బతుకమ్మ ఎక్కడ పేర్చారో మరిచిపోరు. మూడు ఇళ్ల నెలలు రాసి, వాటిలో నడిమి అంకెను మీ కాగితం మీది మొత్తం పక్కన పెట్టండి. రెండిట్లో ఏది పెద్దదైతే అదే మీ లెక్క. కిరాయింటి ఓనర్‌కు, బ్యాంకుకు, పిల్లల బడికి ఆ తారీఖే చెప్పండి.

వచ్చే పాఠంలో బ్యాంకు విడతలు. ఈ కాగితం, క్యాలెండర్, రెండూ దగ్గర పెట్టుకోండి.