స్వర్ణముఖి ఒడ్డు ఇసుకలో పైల్ గుంత కూలకుండా ఆపిన విధం

తిరుచానూరు వైపు, ఏటి ఒడ్డు ఇసుక. 600 మి.మీ. వ్యాసం, 12 మీటర్ల లోతు పైళ్లు (నేలలో గుంత తవ్వి పోసే కాంక్రీటు పునాది స్తంభాలు). పైన 2 మీటర్లు కేసింగ్ (గుంత గోడను ఆపే ఇనుప గొట్టం) దించినా దాని కింద ఇసుక జారుతోంది. తవ్వగానే 12 మీటర్లు చూపిన టేపు గుండు (లోతు కొలిచే బరువు), కమ్మీల బోను దించే వేళకి 11 దగ్గరే ఆగిపోతోంది. గుంతలో నీటి మట్టం భూగర్భ జలమట్టం కంటే తగ్గడమే కారణం. బయటి నీళ్లు లోపలికి తోసుకొస్తూ ఇసుకను వెంట తెస్తాయి.

అందుకే గుంత గోడను పట్టి నిలిపే బంకమట్టి పొడి, బెంటొనైట్‌ను నీటి బరువులో 5 శాతం చొప్పున కలిపి, ముందురోజే నానబెట్టాం. ఈ ద్రవం సాంద్రత (నీటిది 1 అనుకుంటే) 1.03–1.10 ఉండాలి. గుంతలో దాని మట్టం జలమట్టానికి 1.5 మీటర్లు పైనే నిలపాలి. తవ్వే బకెట్‌ను మెల్లగా లాగాలి, విసురుగా లాగితే ఆ పీల్పుకే గోడ ఊడుతుంది. ఆపరేటర్లు తొందరపడేది ఇక్కడే, పక్కన మనిషి నిలబడి తీరాలి.

బోను దించాక ట్రెమీ గొట్టంలోంచి (కాంక్రీటును గుంత అడుగుకు చేర్చే గొట్టం) తాజా బెంటొనైట్ పంపి అడుగు కడగాలి. అడుగు నమూనా సాంద్రత 1.12 లోపుకి రావాలి. వేళ్ల మధ్య రుద్దితే గరగరమంటే ఇసుక ఇంకా ఉన్నట్టే, కడుగుడు ఆపొద్దు.

వెంటనే కాంక్రీటు: ఘనమీటరుకు సిమెంటు 400 కిలోలు, స్లంప్ (కాంక్రీటు జారుడు కొలత) 150–180 మి.మీ. గొట్టం కొస ఎప్పుడూ కాంక్రీటులో 2 మీటర్లు మునిగే ఉండాలి, బయటికొస్తే పైల్ మధ్యలో బురద పొర పడుతుంది. లెక్కకు ఒక్కో పైల్‌కు 3.4 ఘనమీటర్ల కాంక్రీటు. అంతకంటే తక్కువ పట్టిందంటే పైల్ ఎక్కడో సన్నబడినట్టే, దాన్ని ఇంటెగ్రిటీ టెస్టుకు (పైల్ లోపల లోపాలు చూసే పరీక్ష) పెట్టాలి.