ఇంజన్ తిరుగుతున్నా బ్యాటరీ నిండటం లేదా? ముందు వైరు చూడండి

సమస్య: పాత సెయిల్ బోటు. పూటంతా డీజిల్ ఇంజన్ నడిపి చెన్నై హార్బర్‌లో కట్టేస్తారు. మర్నాడు పొద్దున స్టార్టర్ మూలుగుతుంది తప్ప ఇంజన్ అందుకోదు. మెకానిక్‌ని పిలిస్తే బ్యాటరీ మార్చమంటాడు, లేదంటే ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి బ్యాటరీని నింపే జనరేటరు) మార్చమంటాడు. రెండూ ఖర్చే. అంతకంటే ముందు చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరికే, వోల్టేజీ కొలిచే మామూలు మల్టీమీటరు ఒకటి కొనండి.

తనిఖీ: బెల్ట్ వదులుగా ఉందేమో, చుట్టూ నల్లపొడి రాలిందేమో చూసి బిగించండి. తర్వాత ఇంజన్ వేగం కాస్త పెంచి, లైట్లన్నీ వేసి, ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ దగ్గర ఒకసారి, బ్యాటరీ దగ్గర ఒకసారి వోల్టేజీ కొలవండి. రెండుచోట్లా 12.5 దగ్గరే ఉంటే ఆల్టర్నేటర్ అసలు పనిచేయడం లేదు. తాళం తిప్పగానే చార్జింగ్ బల్బు వెలగాలి; వెలగకపోతే ముందు ఆ బల్బు మార్చండి. చాలా ఆల్టర్నేటర్లకు మొదటి కరెంటు దాని గుండానే అందుతుంది. ఆల్టర్నేటర్ దగ్గర 14.2 ఉండి బ్యాటరీ దగ్గర 13.3 ఉంటే మాత్రం దొంగ మధ్యలోని వైరులోనే ఉన్నాడు.

కారణం: పాత ఇంజన్లు చాలావాటిలో చార్జింగ్ కరెంటు నేరుగా బ్యాటరీకి వెళ్లదు. ప్యానల్‌లోని ఆంపియర్ మీటరు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి స్టార్టర్ దగ్గరికి వస్తుంది. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు రానూపోనూ 6 మీటర్లుంటే, 30 ఆంపియర్ల దగ్గర దాదాపు 0.8 వోల్టు అందులోనే పోతుంది. మధ్యలో ప్లగ్గులు ఉంటాయి. మన ఉప్పుగాలికి అవి పచ్చగా చిలుమెక్కితే నష్టం ఇంకా పెరుగుతుంది, వేడికి ప్లగ్గు కరిగిపోవచ్చు కూడా. నా దృష్టిలో చార్జింగ్ కంటే భయపడాల్సింది దీనికే.

పరిష్కారం: బ్యాటరీ నెగటివ్ తీశాకే చెయ్యి పెట్టండి. 55 ఆంపియర్ల ఆల్టర్నేటర్ అయితే, తగరం పూత ఉన్న 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌ను అవుట్‌పుట్ నుంచి నేరుగా బ్యాటరీ పాజిటివ్‌కి వేయండి. 80 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, ఎందుకంటే షార్ట్ అయితే పెద్ద కరెంటు వచ్చేది బ్యాటరీ వైపు నుంచే. ఈ దారిలో మెయిన్ స్విచ్ లేకపోవడం మంచిదే. ఇంజన్ తిరుగుతుండగా ఎవరైనా పొరపాటున స్విచ్ ఆపినా ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు కాలిపోవు.

ఆల్టర్నేటర్ నుంచి మీటరుకు వెళ్లే పాత వైరును రెండు చివర్లా విప్పేయండి. ఒక వైపే విప్పితే వేలాడే కొసలో కరెంటు ఉంటుంది. తాళానికి వెళ్లే సరఫరాను మాత్రం తెంచకండి. మీటరు తీసేసి, దాని మీది మిగతా వైర్లను ఒకే బోల్టుకు కలపండి. ఆ ఖాళీలో వోల్ట్ మీటరు పెట్టుకుంటే ముల్లు ఊగడం కంటే పనికొచ్చే సంగతి తెలుస్తుంది.

నెగటివ్‌ను చాలామంది మర్చిపోతారు. తుప్పు, పెయింటు మీద ఎర్త్ సరిగా అందదు. ఇంజన్ బాడీని నమ్ముకోకుండా ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి అంతే మందం కేబుల్ వేయండి. కేబుల్ చివర బిగించే లగ్గులు క్రింప్ చేసి (సాధనంతో నొక్కి), జిగురు ఉన్న, వేడికి బిగుసుకునే ష్రింక్ స్లీవ్ తొడగండి. ఒట్టి సోల్డరింగ్ వైబ్రేషన్‌కి విరుగుతుంది.

ఇప్పుడు మళ్లీ కొలవండి. రెండుచోట్ల తేడా 0.2 వోల్టు లోపు ఉండాలి. అప్పటికీ 0.7 దాకా ఉందంటే, చార్జింగ్‌ను రెండు బ్యాటరీలకు పంచే డయోడ్ ఐసోలేటర్ మధ్యలో ఉందేమో వెతకండి. దాని నష్టం కేబుల్ ఎంత లావు చేసినా పోదు. దాని బదులు వోల్టేజీని బట్టి తనంతట తానే కలిసే స్విచ్ (రిలే) పెట్టాలి. అక్టోబరులో వానలు మొదలవకముందే లగ్గులు ఒకసారి విప్పి శుభ్రం చేసి బిగిస్తే చాలు.