రాష్ట్ర ఎన్నికల్లో అభ్యర్థుల హామీలను పరిశీలించడం ఎలా? అమెరికాలోని తెలుగు ఓటర్ల కోసం

అమెరికాలో 36 రాష్ట్రాల గవర్నర్ పదవులకు 2026 నవంబరు 3 పోలింగ్ రోజు. అదే బ్యాలెట్ మీద చాలా రాష్ట్రాల్లో చట్టసభ సభ్యులు, అటార్నీ జనరల్, సెక్రటరీ ఆఫ్ స్టేట్, కొన్నిచోట్ల ఇన్సూరెన్స్ కమిషనర్ పదవులకు పోటీ చేసేవారి పేర్లు కూడా ఉంటాయి. వీరి ప్రచారంలో తరచుగా వినిపించే విషయాలు మూడు: వైద్య ఖర్చులు, ఇంటి ఖర్చులు, ఓటరు వివరాల గోప్యత. మూడూ మన ఇళ్లను నేరుగా తాకేవే. అయినా అధ్యక్ష ఎన్నికల గురించి పొద్దుపోయేదాకా వాదించుకునే మనలో చాలామందికి తమ రాష్ట్ర సెనేటర్ ఎవరో తెలియదు. ఏళ్ల తరబడి ఎదురుచూసి పౌరసత్వంతో పాటు సంపాదించుకున్న ఓటును, ఆ పేరు ఎక్కడో విన్నామన్న ఒక్క కారణంతో వేసి రావడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక్కడ చెప్పబోయే పద్ధతికి ఏ పార్టీ వైపూ మొగ్గు లేదు. ఎవరు ఏ హామీ ఇచ్చినా దానిని ఒకే ప్రశ్నతో తూచాలి: ఆ పని చేసే అధికారం ఆ పదవికి ఉందా, లేదా?

మొదటి అడుగు: నమూనా బ్యాలెట్ తెచ్చుకుని, పదవుల పక్కన అధికారాలు రాసుకోండి

మీ కౌంటీ ఎన్నికల కార్యాలయం పోలింగుకు కొన్ని వారాల ముందు నమూనా బ్యాలెట్‌ను అందుబాటులో ఉంచుతుంది. దానిని ముద్రించుకుని ప్రతి పదవి పక్కన ఒక్క వాక్యం రాయండి. చట్టాలు చేసేదీ, బడ్జెట్ ఆమోదించేదీ రాష్ట్ర చట్టసభ. బిల్లుపై సంతకం చేసేదీ, తిప్పి పంపేదీ గవర్నర్. రాష్ట్రం తరఫున కోర్టుకు వెళ్లేది అటార్నీ జనరల్. ఎన్నికల నిర్వహణ చాలా రాష్ట్రాల్లో సెక్రటరీ ఆఫ్ స్టేట్ చేతిలో ఉంటుంది. అలాస్కా, హవాయి, యూటా రాష్ట్రాల్లో మాత్రం ఆ పదవే లేదు, న్యూయార్క్, విస్కాన్సిన్ వంటి చోట్ల ఆ బాధ్యత బోర్డులదీ కమిషన్లదీ.

ఓటు అమెరికా పౌరులకే ఉందన్న సంగతిని ఇక్కడే గుర్తుచేయాలి. డ్రైవింగ్ లైసెన్సు కోసం వెళ్లినప్పుడు "ఓటరుగా నమోదు చేయమంటారా?" అని అడిగితే గ్రీన్ కార్డు మీదో హెచ్-1బి మీదో ఉన్నవారు తప్పకుండా వద్దని చెప్పాలి. తెలియక పెట్టిన ఒక టిక్కు కూడా తర్వాత ఇమిగ్రేషన్ వ్యవహారాల్లో పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది. ఇంట్లో అందరికీ ఒకేసారి పౌరసత్వం రాదు కాబట్టి, ఈ జాగ్రత్త ఓటు ఉన్నవారే లేనివారికి చెప్పాలి.

రెండో అడుగు: వైద్య హామీ మీ బీమాకు వర్తిస్తుందో లేదో చూడండి

మన ఉద్యోగుల్లో చాలామంది పొరబడే చోటు ఇది కనుక కొంచెం వివరంగా చెబుతాను.

"ఇన్సులిన్ ధరకు పరిమితి పెడతాం", "ఫలానా పరీక్షకు బీమా కంపెనీ డబ్బు కట్టేలా చేస్తాం" అని అభ్యర్థులు హామీ ఇస్తారు. రాష్ట్రాలు అలాంటి చట్టాలు నిజంగానే చేశాయి. ఇన్సులిన్ కోపేకు, అంటే మందు కొనేటప్పుడు రోగి తన చేతి నుంచి కట్టే వాటాకు, పరిమితి విధించిన మొదటి రాష్ట్రం కొలరాడో. 2019లో నెలకు 100 డాలర్లు దాటకూడదని చట్టం చేసింది. ఆ దారిలో మరెన్నో రాష్ట్రాలు నడిచాయి. కానీ పెద్ద కంపెనీలు చాలావరకు తమ ఉద్యోగుల వైద్య ఖర్చును తామే భరిస్తూ, కార్డు మీద పేరున్న బీమా కంపెనీని లెక్కలు చూడటానికి మాత్రమే పెట్టుకుంటాయి. దీనిని సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్ అంటారు. 1974 నాటి ఎరిసా అనే ఫెడరల్ చట్టం ప్రకారం ఇలాంటి ప్లాన్లకు రాష్ట్ర బీమా చట్టాలు వర్తించవు. దేశంలో ఉద్యోగం ద్వారా వైద్య బీమా ఉన్నవారిలో సగానికి పైగా ఈ కోవలోనివారే. అంటే రాష్ట్రం కోపేకు పరిమితి పెట్టిన మరుసటి నెల కూడా మందుల షాపులో మీ బిల్లు పాత లెక్క ప్రకారమే రావచ్చు. అందులో షాపు తప్పు గానీ రాష్ట్రం తప్పు గానీ లేదు.

మీది ఏ రకమో తెలుసుకోవడం సులభం. హెచ్‌ఆర్ విభాగానికి "మన ప్లాన్ సెల్ఫ్ ఫండెడా, ఫుల్లీ ఇన్సూర్డా?" అని ఒక్క వాక్యం రాసి పంపండి (రెండోది అంటే ఖర్చును బీమా కంపెనీయే భరించే ప్లాన్). టెక్సస్‌లో అయితే కార్డునే చూడవచ్చు: టీడీఐ (టెక్సస్ బీమా శాఖ) అనో డీఓఐ (బీమా శాఖ) అనో అక్షరాలు ఉంటే ఆ ప్లాన్ రాష్ట్రం అజమాయిషీలో ఉన్నట్టు. కొలరాడో కార్డులపై సీఓ-డీఓఐ అని ఉంటుంది. ఈ చిన్న పని చేసిన తర్వాత అభ్యర్థి బీమా హామీ మీకు అందేదా, మీ పక్కింటివారికి అందేదా అన్నది తేలిపోతుంది. పక్కింటివారికే అందినా ఆ హామీకి విలువ లేదని నేను అనను. ఎవరికి అందుతుందో తెలిసి ఓటు వేయాలన్నదే నా మాట.

మెడికెయిడ్ విషయంలో మాత్రం రాష్ట్రం మాటకు చాలా బలం ఉంది. తక్కువ ఆదాయం ఉన్నవారికి ఫెడరల్ ప్రభుత్వం, రాష్ట్రం కలిసి నడిపే పథకం అది. 2010 నాటి ఆరోగ్య చట్టం దానిని పేదరిక రేఖకు 138 శాతం వరకు ఆదాయం ఉన్న 65 ఏళ్లలోపు పెద్దలందరికీ విస్తరించాలని చెప్పింది. అది రాష్ట్రాల ఇష్టమని 2012లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇప్పటికి 40 రాష్ట్రాలు విస్తరించాయి. టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా సహా పది రాష్ట్రాలు విస్తరించలేదు. విస్తరించిన భాగంలో 90 శాతం ఖర్చు ఫెడరల్ ప్రభుత్వమే భరిస్తుంది. మిజోరి, ఓక్లహోమా రాష్ట్రాల్లో 2020లో ప్రజలే నేరుగా ఓటు వేసి విస్తరణ సాధించుకున్నారు. కాబట్టి విస్తరించని రాష్ట్రంలో అడగవలసిన ప్రశ్న "విస్తరణకు మీరు ఓటు వేస్తారా?" అన్నది.

విస్తరించిన రాష్ట్రాల్లో ప్రశ్న వేరు. 2025 జులైలో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం, విస్తరణ కింద చేరిన పెద్దల్లో చాలామంది నెలకు 80 గంటల పని గానీ చదువు గానీ సేవ గానీ చూపించాలి. రాష్ట్రాలు ఈ నిబంధనను 2027 జనవరి 1 నాటికి అమలులోకి తేవాలి. నిబంధన కేంద్రానిదే అయినా, ఆ గంటలను ఏ కాగితంతో నిరూపించాలి, ఉన్న రికార్డుల నుంచి రాష్ట్రమే తెలుసుకుంటుందా, ఫోన్ చేస్తే ఎత్తేవారు ఉంటారా అన్నవి చాలావరకు రాష్ట్ర యంత్రాంగం పనితీరు మీద ఆధారపడి ఉంటాయి. అర్హత ఉండి కూడా కాగితం అందక కవరేజీ పోగొట్టుకునేవారి సంఖ్య ఇక్కడే తేలుతుంది. మెడికెయిడ్‌ను కాపాడతామనే అభ్యర్థిని ఈ వివరం దగ్గర నిలబెట్టి అడగండి.

మూడో అడుగు: ఆర్థిక హామీలో ఎవరి డబ్బు ఉందో వెతకండి

కీలక వడ్డీ రేటును ఫెడరల్ రిజర్వ్ నిర్ణయిస్తుంది. సుంకాలు వాషింగ్టన్ నిర్ణయిస్తుంది. గృహరుణ వడ్డీ తగ్గిస్తానని రాష్ట్ర చట్టసభ అభ్యర్థి చెబితే ఆ మాటను పక్కన పెట్టేయవచ్చు. కనీస వేతనం సంగతి వేరు: ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది కాబట్టి, దానికి మించి ఎంత ఇవ్వాలన్నది రాష్ట్రాలు నిర్ణయిస్తున్నాయి. ప్రాపర్టీ ట్యాక్స్ రేటును ఎక్కువగా కౌంటీలు, స్కూల్ డిస్ట్రిక్టులు ఖరారు చేస్తాయి. రాష్ట్రం మినహాయింపులు ఇవ్వగలదు, పెరుగుదలకు హద్దు పెట్టగలదు, ఆ మేరకు బడులకు డబ్బు సర్దవలసి వస్తుంది.

పన్ను తగ్గింపు హామీ వినగానే "ఆ లోటు ఎక్కడి నుంచి పూడుస్తారు?" అని అడగడం అలవాటు చేసుకోండి. వెర్మాంట్ తప్ప మిగతా రాష్ట్రాలన్నీ ఏదో ఒక రూపంలో బడ్జెట్‌ను సమతూకంగా ఉంచి తీరాలి; ఫెడరల్ ప్రభుత్వంలాగా ఏటా అప్పు మీద నెట్టుకురావడం వాటికి కుదరదు. కాన్సస్ 2012లో ఆదాయపు పన్నును భారీగా తగ్గించింది. ఆశించిన రాబడి రాలేదు, లోటు పెరిగింది. చివరకు 2017లో ఆ రాష్ట్ర చట్టసభ గవర్నర్ వీటోను కూడా తోసిపుచ్చి చాలా తగ్గింపులను రద్దు చేసింది. అదే నియమం కొత్త పథకాలు ప్రకటించేవారికీ వర్తిస్తుంది: పథకం పేరు పక్కన మొత్తం, ఆ మొత్తం పక్కన రాబడి మార్గం రాసి ఉండాలి.

కరెంటు బిల్లును మాత్రం తేలిగ్గా తీసుకోకండి. రేట్లను ఆమోదించేది రాష్ట్ర యుటిలిటీ కమిషన్. జార్జియాలో ఆ కమిషనర్లను ప్రజలే ఎన్నుకుంటారు. 2025 నవంబరులో బిల్లుల మీద జనానికున్న అసంతృప్తి వల్ల అక్కడ పదవుల్లో ఉన్న ఇద్దరు ఓడిపోయారు. ఎక్కువ రాష్ట్రాల్లో గవర్నరే కమిషనర్లను నియమిస్తారు. ఎవరూ పట్టించుకోకుండా వదిలేసే ఆ కింది వరుస పదవే ఒక్కోసారి మీ నెల ఖర్చును అన్నింటికన్నా దగ్గరగా తాకుతుంది.

నాలుగో అడుగు: ఓటరు జాబితాలో మీ గురించి ఏముందో తెలుసుకుని గోప్యత గురించి అడగండి

ఒక శనివారం ఉదయం మా ఇంటి తలుపు తట్టిన ప్రచార కార్యకర్త నన్ను పేరు పెట్టి పలకరించి, "మీ అబ్బాయి కూడా ఓటరే కదా, ఇంట్లో ఉన్నాడా?" అని అడిగింది. ఆమె ఫోన్‌లో మా చిరునామా కింద ముగ్గురి పేర్లూ వయసులూ, ఏయే ఎన్నికల్లో ఓటు వేశామో వరుసగా ఉన్నాయి. ఆమె చేసింది తప్పేమీ కాదు. ఓటరు జాబితాను అభ్యర్థులు, పార్టీలు రాష్ట్రం నుంచి చట్టబద్ధంగానే తీసుకుంటారు. మీరు ఎవరికి వేశారన్నది అందులో ఎప్పటికీ ఉండదు. వేశారా లేదా అన్నది మాత్రం ఉంటుంది. ఫ్లోరిడా, పెన్సిల్వేనియా వంటి చోట్ల నమోదైన పార్టీ పేరు కూడా ఉంటుంది. టెక్సస్‌లో పార్టీ నమోదు లేకపోయినా ఏ పార్టీ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) పాల్గొన్నారో రికార్డులో ఉంటుంది.

నమోదు సమయంలో మీరిచ్చిన డ్రైవింగ్ లైసెన్సు నంబరు లేదా సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి నాలుగు అంకెలు ఈ బహిరంగ జాబితాలో ఉండవు. 2002 నాటి ఫెడరల్ ఎన్నికల చట్టం కోసం వాటిని రాష్ట్రం సేకరించి తన దగ్గర ఉంచుకుంటుంది. ఇప్పుడు వివాదమంతా ఆ దాచిన భాగం గురించే. 2025లో ఫెడరల్ న్యాయశాఖ చాలా రాష్ట్రాలను ఈ వివరాలతో సహా పూర్తి జాబితాలు ఇమ్మని అడిగింది. ఇవ్వని వాటిలో మెయిన్, ఒరెగాన్ రాష్ట్రాలపై సెప్టెంబరులో దావా వేసి, తర్వాత కాలిఫోర్నియా, మిషిగన్, పెన్సిల్వేనియా వంటి మరికొన్నింటిపైనా వేసింది. జాబితాలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడాలన్నది ఒక వైపు వాదన. రాష్ట్ర గోప్యతా చట్టాలు దీనిని ఒప్పుకోవన్నది రెండో వైపు వాదన.

పుట్టుకతో కాక, ప్రమాణం చేసి పౌరులైన మనకు ఇది ఎక్కడో జరుగుతున్న తగవు కాదు. 2019 జనవరిలో టెక్సస్ అధికారులు ఓటరు జాబితాలో సుమారు 95,000 మంది పౌరులు కానివారు ఉండవచ్చని ప్రకటించారు. వారు పోల్చి చూసింది పాత డ్రైవింగ్ లైసెన్సు రికార్డులతో. గ్రీన్ కార్డు చూపి లైసెన్సు తీసుకుని, తర్వాత పౌరులై ఓటరుగా నమోదైనవారు వేల సంఖ్యలో ఆ జాబితాలోకి వచ్చిపడ్డారు. కోర్టు కేసులు పడ్డాయి, ఏప్రిల్‌లో రాజీ కుదిరి ఆ ప్రక్రియను ఆపేశారు. ఫెడరల్ ప్రభుత్వం నడిపే సేవ్ అనే పౌరసత్వ తనిఖీ వ్యవస్థను 2025లో సోషల్ సెక్యూరిటీ నంబర్లతో, ఒకేసారి పెద్ద సంఖ్యలో పేర్లను పోల్చేలా మార్చారు. సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలో మీ పౌరసత్వం ఇంకా పాత స్థితిలోనే ఉంటే మిమ్మల్ని పొరపాటున పౌరులు కానివారిగా ఎత్తిచూపే ప్రమాదం అక్కడే ఉంది.

అందువల్ల అభ్యర్థి సంగతి ఎలా ఉన్నా ముందుగా మీ పని పూర్తి చేసుకోండి. పాస్‌పోర్టు లేదా నాచురలైజేషన్ సర్టిఫికెట్ తీసుకుని సోషల్ సెక్యూరిటీ కార్యాలయానికి వెళ్లి పౌరసత్వ వివరం సరిచేయించుకోండి. డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయంలోనూ అదే చేయండి. గృహహింస వల్లో వేధింపుల వల్లో చిరునామా బయటపడకూడని పరిస్థితిలో ఉన్నవారి కోసం చాలా రాష్ట్రాల్లో చిరునామా గోప్యతా పథకాలు ఉన్నాయి. వాషింగ్టన్ రాష్ట్రం 1991లోనే మొదలుపెట్టింది. ఓటరుగా నమోదు కావడానికి ముందే అందులో చేరడం మంచిది.

ఆ తర్వాత సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గానో అటార్నీ జనరల్‌గానో పోటీ చేసేవారిని అడగండి. దాచిన వివరాలు ఎవరికి, ఏ చట్టం కింద ఇస్తారు? తనిఖీలో పేరు తేలిన ఓటరును తొలగించే ముందు ఎలా తెలియజేస్తారు, సమాధానానికి ఎన్ని రోజులు ఇస్తారు? మీ సొంత ప్రచార బృందం మా ఫోన్ నంబర్లను ఎన్నికల తర్వాత ఏం చేస్తుంది? ఈ చివరి ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పినవారిని నేను ప్రత్యేకంగా గుర్తు పెట్టుకుంటాను, ఎందుకంటే ఫోన్ వద్దన్నవారి జాతీయ జాబితా రాజకీయ కాల్స్‌కు వర్తించదు.

ఐదో అడుగు: పాత రికార్డు చూసి, లిఖితపూర్వకంగా జవాబు అడగండి

అభ్యర్థి ఇప్పటికే సభ్యులైతే చట్టసభ వెబ్‌సైటులో వారి ఓట్లు బిల్లు నంబరుతో సహా దొరుకుతాయి. కొత్తవారైతే విరాళాల నివేదికలు చూడండి. ఆసుపత్రుల నుంచో, బీమా, విద్యుత్ కంపెనీల నుంచో వచ్చిన డబ్బు అందులో కనిపిస్తుంది. ఆపై ఈమెయిల్‌లో ఒకటి రెండు ప్రశ్నలే పంపండి. రాష్ట్ర చట్టసభ అభ్యర్థులు చేరువలోనే ఉంటారు, చాలామంది స్వయంగా జవాబిస్తారు.

ఆరో అడుగు: పోలింగుకు ముందు మీ పేరు మరోసారి చూసుకోండి

నమోదు గడువుకు ముందే రాష్ట్ర ఎన్నికల వెబ్‌సైటులో మీ పేరు, చిరునామా సరిచూసుకోండి. పోలింగ్ కేంద్రంలో పేరు లేదన్నా వెనక్కి వచ్చేయకండి. చాలా రాష్ట్రాల్లో ప్రొవిజనల్ బ్యాలెట్ (అర్హత తేలేదాకా విడిగా ఉంచే తాత్కాలిక ఓటు) అడిగే హక్కు పైన చెప్పిన 2002 నాటి చట్టం మీకు ఇచ్చింది. అది వేసి, వారిచ్చే రసీదు తీసుకుని, అవసరమైన పత్రాన్ని ఎప్పటిలోగా ఎక్కడ చూపాలో అక్కడే అడిగి తెలుసుకోండి. పౌరసత్వాన్ని నిరూపించే పత్రం నకలు ఒకటి కారులో పెట్టుకుని వెళితే, మధ్యలో ఇంటికి పరుగెత్తే అవసరం ఉండదు.