గునపం దింపే ముందు

నల్లా కనెక్షన్‌కో, డ్రైనేజీ పైపుకో ఇంటి ముందు కాలువ తవ్వించాలా? ముందు ఫోన్‌లో 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్‌లో తవ్వే చోటు, తేదీ నమోదు చేయండి. కేంద్ర టెలికాం శాఖ 2023 మార్చిలో తెచ్చిన యాప్ ఇది. ఆ చోట లైన్లున్న సంస్థలకు సమాచారం వెళ్తుంది. పాత లైన్లన్నీ అందులో ఉంటాయని మాత్రం నమ్మొద్దు. కరెంటు ఆఫీసుకు, నీళ్ల ఆఫీసుకు, గ్యాస్ ఉంటే ఆ కంపెనీకి చెప్పి, మనిషిని పిలిపించి లైన్ పోయే దారి మీద గీతలు వేయించుకోండి.

మీరూ ఓసారి వీధి చూసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమిలోకి దిగే కేబుల్, వాల్వ్ మూతలు, కింద లైన్ ఉందని తెలిపే మార్కర్ రాళ్లు, గోడ వెంట పైకి లేచే గ్యాస్ పైపు కనిపిస్తే లైన్ ఎటు పోతుందో కొంత అర్థమవుతుంది. కొంతే. మధ్యలో చెట్టుకో, మ్యాన్‌హోల్‌కో పక్కకు తిప్పి ఉండొచ్చు.

లోతు లెక్కా అంతే. మన ప్రమాణాల ప్రకారం ఇళ్లకు కరెంటిచ్చే ఎల్‌టీ కేబుల్ 75 సెంటీమీటర్లు, 11 కిలోవోల్టుల (కేవీ) కేబుల్ 90, 33 కేవీ కేబుల్ 105 సెంటీమీటర్ల లోతున ఉండాలి. తర్వాత రోడ్డు చెక్కేస్తే అదే కేబుల్ అడుగు లోతులోనే తగలొచ్చు.

అందుకే ట్రయల్ పిట్, అంటే లైన్ ఎక్కడుందో చూసుకునే చిన్న గుంత, తప్పదు. గీతకు అడ్డంగా, రెండడుగుల వెడల్పున చేత్తో తవ్వాలి. గునపం తారు పెచ్చు లేపడానికే, ఆ కింద వద్దు. దాని మొన ఒక్క పోటుతో కేబుల్ పైపొరలు చీల్చి లోపలి తీగను తాకుతుంది. పారను ఏటవాలుగా పట్టి మట్టిని పలచగా గీకుతూ దిగండి. నల్లమట్టిలో ఉన్నట్టుండి శుభ్రమైన ఇసుక, అడ్డంగా పేర్చిన ఇటుకలు, రంగు టేపు కనిపిస్తే కింద లైన్ ఉన్నట్టే. అక్కణ్ణుంచి తాపీతో, చేతులతోనే. లైన్ కళ్లకు కనబడేదాకా జేసీబీని దగ్గరికి రానివ్వకండి. కనబడ్డాక కూడా దానికి రెండు పక్కలా అర మీటరు చేత్తోనే తవ్వాలి.

జేసీబీ కేబుల్‌ను కొడితే డ్రైవర్ సీట్లోంచి కదలకూడదు. మిగతావాళ్లు బండిని ముట్టుకోకుండా దూరం జరిగి, కరెంటు ఆపించాలి. బండికి మంటలంటుకుంటేనే డ్రైవర్ దిగాలి. అప్పుడైనా బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ జతగా దూకి, పాదాలు నేలకు రాస్తూ చిన్న అడుగులతో దూరం వెళ్లాలి.

గ్యాస్ పైపు తెగితే ఇంజన్ ఆపేసి గాలికి ఎదురుదిశలో దూరం వెళ్లండి. స్విచ్ వేయొద్దు, తీయొద్దు. పైపు మీద మట్టి కప్పడమూ ప్రమాదమే, గ్యాస్ నేలలోంచి పాకి ఇళ్లలోకి చేరుతుంది. దూరం వెళ్లాక మార్కర్ మీదున్న నంబరుకూ, 112కూ ఫోన్ చేయండి.

కేబుల్ మీద చిన్న గీత పడినా ఆఫీసుకు చెప్పకుండా పూడ్చకండి. ఆ గీతలోంచి నీళ్లు దిగి వానాకాలంలో కేబుల్ పేలుతుంది. పూడ్చేటప్పుడు లైన్ చుట్టూ ఇసుక పోసి, ఇటుకలను తీసిన వరుసలోనే పరవండి. అంతకన్నా ముందు, గోడ నుంచి ఎంత దూరం, ఎంత లోతు అన్నది కొలత టేపు పెట్టి ఫోటో తీసుకోండి.